పంట వ్యర్థాలతో ఇంధనం: యంత్రం కంటే ముందు తేమ, బూడిద చూడండి

బ్రికెట్ ప్రెస్ (పంట వ్యర్థాల్ని గట్టిగా నొక్కి, బ్రికెట్లు అనే ఇంధనపు కడ్డీలుగా చేసే యంత్రం) ఎంత సైజుది తీసుకోవాలని అడిగేవాళ్లు చాలామంది ఉంటారు. మీ సరుకులో తేమెంత, బూడిదెంత అని తిరిగి అడిగితే మాత్రం జవాబు రాదు. పంట వ్యర్థాలతో ఇంధనం తయారుచేసే పని ఎక్కువగా చెడేది అక్కడే. ప్రెస్సులోకి తడిసిన గడ్డి, మట్టి పట్టిన గడ్డి వేస్తే ఎంత మంచి ప్రెస్ అయినా చేతులెత్తేస్తుంది. అందుకే ఈ పోస్టులో దాదాపు సగం యంత్రం దాకా రాకముందు జరిగే పని గురించే రాస్తున్నాం.

ముందు దేన్ని దేనికి వాడాలో తేల్చుకోవాలి. ఎండిన, కట్టెలాంటి సరుకు కాల్చడానికి మంచిది. పచ్చిగా ఉన్నది, సగానికి పైగా నీళ్లే ఉన్నది బయోగ్యాస్‌కి పంపడమే తెలివైన పని. పచ్చి చొప్పను, కూరగాయల తోట ఆకుల్ని ఎండబెట్టి బ్రికెట్లు చేద్దామనుకుంటే, ఆరబెట్టడానికి పెట్టే వేడిలో చాలా భాగం తిరిగి రాదు.

ఎండిన సరుకులోనూ తేడాలున్నాయి. పత్తి కట్టె, వేరుశనగ పొట్టు, మొక్కజొన్న బెండు బాగా ఎండితే కిలోకి సుమారు 3,800 నుంచి 4,200 కిలోక్యాలరీలు ఇస్తాయి. బూడిద 2 నుంచి 5 శాతం లోపే. వరిగడ్డి, ఊక 3,000 నుంచి 3,500 దగ్గర ఆగిపోతాయి. వాటిలో బూడిద 12 నుంచి 20 శాతం దాకా ఉంటుంది, అందులో పెద్ద భాగం సిలికా. ఇసుకలో ఉండేదీ అదే పదార్థం కాబట్టి కడ్డీకి ఆకారమిచ్చే అచ్చు (డై), సరుకుని తోసే స్క్రూ, దాన్ని నలగ్గొట్టే హ్యామర్ మిల్లు సుత్తులు అరిగిపోతాయి.

రవాణా లెక్క కూడా ఇక్కడే చూసుకోవాలి. వదులుగా పోసిన గడ్డి ఘనపు మీటరుకు 40 నుంచి 80 కిలోలకు మించదు. బేలర్ యంత్రంతో నొక్కి కట్ట కడితే 120 నుంచి 180 కిలోలవుతుంది. బ్రికెట్ ముక్క సాంద్రత మాత్రం ఘనపు మీటరుకు 1,000 నుంచి 1,200 కిలోల దాకా ఉంటుంది. ఒక బండి గడ్డికి ఒక బండి బ్రికెట్లు అనుకుని లెక్కేస్తే మోసపోతాం. గడ్డి దూరం ప్రయాణించకూడదు, బ్రికెట్లు ప్రయాణించవచ్చు. ప్రెస్ పొలాలకు దగ్గరగా ఉండాలనడానికి కారణం ఇదే.

తేమ కొలవడం

చేత్తో పట్టుకుని "బాగా ఎండింది" అనడం ఈ పనిలో పనికిరాదు. గడ్డి వాము పైనుంచి, మధ్యలోంచి, అడుగునుంచి కనీసం పది చోట్ల చేయి లోపలికి పెట్టి గుప్పెడు గుప్పెడు లాగండి. అన్నీ కలిపి చిన్న ముక్కలుగా కత్తిరించి, అందులోంచి 100 గ్రాములు తూచి, 105 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో పెట్టండి. రెండు మూడు గంటలకోసారి తూచండి. వరసగా రెండు తూకాలు ఒకేలా వస్తే ఎండినట్టు. ఉదాహరణకు 82 గ్రాములు మిగిలిందనుకుందాం. పోయిన 18 గ్రాముల్ని మొదటి బరువు 100తో భాగిస్తే 18 శాతం. దీన్ని తడి బరువు లెక్క అంటారు. ఎండిన బరువు 82తో భాగిస్తే 22 శాతం వస్తుంది. రెండూ తప్పు కావు, కానీ అమ్మేవాడు ఒక లెక్క, కొనేవాడు ఇంకో లెక్క పట్టుకుంటే గొడవ తప్పదు. ఇంధనం విషయంలో సాధారణంగా తడి బరువు లెక్కే నడుస్తుంది. ఒప్పందంలో ఆ మాట రాసుకోండి.

ఓవెన్ లేకపోతే మైక్రోవేవ్‌తోనూ అవుతుంది. తక్కువ పవర్‌లో రెండు మూడు నిమిషాల చొప్పున, పక్కన గ్లాసుడు నీళ్లు పెట్టి ఎండబెట్టాలి. మాడిన వాసన వచ్చిందంటే ఆ నమూనా పారేసి మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే అప్పటికే నీళ్లతోపాటు గడ్డి కూడా కొంత పోయింది. గుచ్చి చూసే డిజిటల్ మీటర్లు రోజువారీ పనికి ఉపయోగమే. కానీ కట్ట ఎంత గట్టిగా కట్టారన్నదాన్నిబట్టి అంకె మారుతుంది కాబట్టి వారానికోసారైనా ఓవెన్‌తో సరిచూసుకోవాలి.

ఇప్పుడు ఆరబెట్టే ఖర్చు. 40 శాతం తేమ ఉన్న టన్ను సరుకులో అసలు సరుకు 600 కిలోలే. దాన్ని 10 శాతానికి తెస్తే 667 కిలోలు మిగులుతుంది, అంటే 333 కిలోల నీటిని ఆవిరి చేయాలి. కిలో నీటిని ఆవిరి చేయడానికి కావలసింది సుమారు 600 కిలోక్యాలరీలు. డ్రయర్‌లో నష్టాలన్నీ కలుపుకుంటే 1,000 నుంచి 1,200 దాకా పోతాయి. మొత్తానికి ఆ టన్నును ఆరబెట్టడానికి దాదాపు 100 కిలోల ఎండు ఇంధనం తగలబెట్టాలి. 667 కిలోల కోసం 100 కిలోలు! ఎండ ఉన్నచోట నేలమీద పలచగా పరిచి, రోజుకి రెండు మూడుసార్లు తిరగేయడం ఎంత విలువైనదో ఈ అంకె చెబుతుంది. మా మాట ఏమిటంటే, డ్రయర్‌ని చివరి నాలుగైదు శాతం తేమ తీయడానికి మాత్రమే ఉంచుకోండి.

పత్తి కట్టె సంగతి ఇంకొంచెం వేరు. దాని బెరడు నారలా సాగుతుంది. పచ్చిమీద ముక్కలు చేసే ష్రెడర్‌లో వేస్తే ఆ నార షాఫ్టుకి చుట్టుకుని బేరింగుల దాకా పోతుంది. కట్టె బాగా ఎండి, వంచితే పుటుక్కున విరిగే దశలో వేస్తే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. అలాగని కట్టెను మోపులుగా కట్టి తర్వాతి పంట కాలం దాకా గట్టుమీద ఉంచకూడదు. గులాబీ రంగు పురుగు విప్పని కాయల్లో దాక్కుని అక్కడే బతుకుతుంది. ఎండిన వెంటనే ముక్కలు చేసేస్తే ఇంధనమూ సిద్ధం, పురుగుకి ఆశ్రయమూ పోతుంది.

మట్టి, వాన, నిల్వ

గడ్డిని పోగుచేసే పళ్ల పరికరం రేక్‌తో నేలకి ఒరుసుకుంటూ లాగితే మట్టి వెంట వస్తుంది. వరిగడ్డిని 550 డిగ్రీల దగ్గర కొలిమిలో పూర్తిగా కాల్చి చూసినప్పుడు బూడిద 25 శాతం వచ్చిందంటే, మామూలు 20 శాతానికి మించి వచ్చినది చాలావరకు పొలం మట్టే. కొలిమి అందుబాటులో లేకపోతే ఒక పని చేయవచ్చు. తరిగిన గడ్డి రెండు గుప్పెళ్లు బకెట్ నీళ్లలో వేసి బాగా కలిపి, పది నిమిషాలాగి, తేలిన గడ్డి తీసేసి నీళ్లు మెల్లగా వంచేయండి. అడుగున వేలికి గరగర తగిలే ఇసుక ఎంతుందో చూస్తే రేక్ ఎంత కిందకి దించారో తెలిసిపోతుంది. రేక్ పళ్లను పైకెత్తడం, కోత ఎత్తు కొంచెం పెంచడం, ఈ రెండిటితో డై జీవితం గణనీయంగా పెరుగుతుంది.

వాన విషయంలో చాలామందికి తెలియని మాట ఒకటుంది. కోసిన గడ్డి పొలంలో ఉండగా ఒకటి రెండు వానలు పడి, ఆ తర్వాత బాగా ఎండితే, ఇంధనంగా అది మెరుగవుతుంది. గడ్డిలోని పొటాషియం, క్లోరిన్ నీటిలో కరిగి నేలలోకి పోతాయి. పొయ్యిలో గడ్డలు కట్టించేది, బాయిలర్ గొట్టాల్ని తినేసేది ఈ రెండే. డెన్మార్క్‌లో గడ్డితో నడిచే బాయిలర్ల వాళ్లు పసుపు గడ్డి, బూడిదరంగు గడ్డి అని వేరుచేసి, వానకి తడిసి ఎండిన బూడిదరంగు గడ్డినే మెచ్చుకుంటారు. పొటాషియం పొలంలోనే మిగలడం రైతుకి కూడా లాభం. అయితే తడిసిన గడ్డిని ఎండనివ్వకుండా కట్టలు కట్టేస్తే మాత్రం అసలుకే మోసం.

కట్ట కట్టేటప్పుడు తేమ 15 శాతం దరిదాపుల్లో ఉంటే నిశ్చింత. 20 దాటితే బూజు మొదలవుతుంది, లోపల వేడి పుడుతుంది. పొడవాటి కడ్డీ థర్మామీటర్ వాము మధ్యలోకి దించి చూస్తూ ఉండండి. 50 డిగ్రీలు దాటితే రోజూ చూడాలి. 65 దాటితే ప్రమాదం. 80 దగ్గరికి వచ్చిందంటే నిప్పు ఎక్కడో మొదలైందనే అనుకోవాలి. అప్పుడు కంగారుపడి వామును విప్పితే లోపలికి గాలి దూసుకెళ్లి ఒక్కసారిగా మంట లేస్తుంది. అగ్నిమాపక సిబ్బందిని పిలిచి, నీళ్లు సిద్ధంగా పెట్టుకునే విప్పాలి. వాము పైకి ఎక్కడం మాత్రం వద్దు, కింద కాలిపోయి గుల్లగా ఉంటే మనిషి లోపలికి పడిపోతాడు. బూజు పట్టిన గడ్డి విప్పేవాళ్లకి మంచి మాస్కు ఇవ్వండి. ఆ ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

బ్రికెట్ ఎలా గట్టిపడుతుంది

చాలామంది బ్రికెట్లో జిగురేదో కలుపుతారనుకుంటారు. పిస్టన్ ప్రెస్‌లో ఏ జిగురూ అక్కర్లేదు. మొక్కలోనే ఉన్న లిగ్నిన్ వేడికి మెత్తబడి ముక్కల్ని అతికిస్తుంది, చల్లారాక బిగుసుకుంటుంది. ఆ వేడి ఒరిపిడి నుంచే వస్తుంది. ర్యామ్ (ముందుకీ వెనక్కీ ఆడుతూ కొట్టే ఇనుప దిమ్మ) నిమిషానికి రెండు మూడు వందలసార్లు కొడుతూ సరుకుని సన్నబడుతూ పోయే డైలోకి తోస్తుంది. ఒక్కో దెబ్బకి ఒక్కో పలక చొప్పున అతుక్కుంటూ కడ్డీ బయటికొస్తుంది. అందుకే పిస్టన్ బ్రికెట్‌ని చేత్తో విరిస్తే బిళ్లలు బిళ్లలుగా విడిపోతుంది. అది లోపం కాదు.

సరుకు 8 నుంచి 12 శాతం తేమతో, 6 నుంచి 8 మిల్లీమీటర్ల ముక్కలుగా, అందులో 10 నుంచి 20 శాతం పొడితో ఉంటే బాగా కుదురుతుంది. పొడి ముక్కల మధ్య ఖాళీల్ని నింపుతుంది. మొత్తం పొడే అయితే నారల అల్లిక ఉండదు, మొత్తం ముక్కలే అయితే సందులు మిగులుతాయి.

తేమ ఎక్కువైతే బ్రికెట్టే చెబుతుంది. డై మూతి దగ్గర బుస్సుమని ఆవిరి వస్తుంది, కడ్డీకి అడ్డంగా పగుళ్లు పడతాయి, ఒక్కోసారి ముక్క తుపాకి గుండులా ముందుకి ఎగిరిపడుతుంది. డై ఎదురుగా ఎవరూ నిలబడకూడదని చెప్పేది ఇందుకే. తేమ మరీ తక్కువైతే పైపొర నల్లగా మెరుస్తుంది, లోపల పొడిపొడిగా రాలుతుంది, మోటారు లాగే కరెంటు (ఆంపియర్లు) పెరిగిపోతుంది. కొంచెం నీటి తుంపర చల్లి, కలిపి, రాత్రంతా నాననిచ్చి మర్నాడు వాడితే సర్దుకుంటుంది. చల్లిన వెంటనే వేస్తే తడి పైపైనే ఉండిపోయి ఆవిరి సమస్య మళ్లీ వస్తుంది.

డై తర్వాత ఉండే చల్లారే పట్టాలని పొట్టివి చేయకండి. స్థలం చాలదని వాటిని కోసేసేవాళ్లు ఉన్నారు. కడ్డీ ఆ కొన్ని మీటర్లు ఒత్తిడిలోనే ప్రయాణిస్తూ చల్లారాలి, లేకపోతే లిగ్నిన్ బిగుసుకోకముందే ఉబ్బి పగులుతుంది.

ఒక్క వరిగడ్డితోనే గట్టి బ్రికెట్ రావడం కష్టం. గడ్డి తేలిక కాబట్టి హాపర్‌లో (సరుకు పోసే తొట్టిలో) గూడు కట్టి కిందకి జారదు, డైకి ఒక దెబ్బకి నిండుగా, ఒక దెబ్బకి సగం అందుతుంది. హాపర్‌లో తిరిగే చేతులు ఉండాలి, గోడలు నిటారుగా ఉండాలి. దాంతోపాటు మూడో వంతు నుంచి సగం దాకా వేరుశనగ పొట్టో, రంపపు పొట్టో, పత్తి కట్టె తురుమో కలిపితే కడ్డీ నాణ్యత మారిపోతుంది. ఇనుప తీగలు, రాళ్లు రాకుండా హ్యామర్ మిల్లుకి ముందు మంచి అయస్కాంతం, రాళ్లు రాలిపోయే జల్లెడ తప్పనిసరి.

తయారైన దాన్ని రోజుకి రెండుసార్లు పరీక్షించండి. చల్లారిన బ్రికెట్లు పది తూచి, రెండు మీటర్ల ఎత్తునుంచి సిమెంటు నేలమీద పడేసి, పెద్ద ముక్కల్ని మళ్లీ తూచండి. ఎంత పొడైందో రిజిస్టర్‌లో రాసుకుంటూ పోతే, సరుకు మారకుండానే పొడి పెరుగుతున్న రోజు కనిపిస్తుంది. అప్పుడు వెర్నియర్ కొలబద్దతో డై లోపలి బుష్ (లోహపు తొడుగు) కొలవండి, అది అరిగి వెడల్పై ఉంటుంది. నీళ్లలో వేస్తే ఈ బ్రికెట్ నిమిషాల్లో ఉబ్బి విడిపోతుంది కాబట్టి నిల్వ కప్పుకిందే.

దెబ్బ కొట్టకుండా, తిరిగే స్క్రూతో సరుకుని తోసే స్క్రూ ప్రెస్ జపాన్‌లో పుట్టిన పద్ధతి. డైని బయటినుంచి 250 నుంచి 300 డిగ్రీల దాకా వేడిచేస్తారు, మధ్యలో బెజ్జంతో, పైన నల్లగా కాలిన పొరతో కడ్డీ వస్తుంది. అది పగలదు, తేమకి కొంచెం ఓర్చుకుంటుంది, బెజ్జం వల్ల బాగా మండుతుంది. కష్టమంతా స్క్రూ కొనదే. ఊకలాంటి సరుకుతో అది కొన్ని గంటల్లోనే అరగడం మొదలవుతుంది. టంగ్‌స్టన్ కార్బైడ్ పూతతో వెల్డింగ్ చేయించిన స్క్రూలు కనీసం రెండు మూడు చేతిలో ఉండాలి. వెల్డింగ్ తెలిసిన మనిషి దగ్గర్లో లేకపోతే ఈ దారి పట్టకండి.

పెల్లెట్లు

పెల్లెట్ అంటే చిన్న ఇంధనపు గుళిక. 6 లేదా 8 మిల్లీమీటర్ల వ్యాసంతో వస్తుంది, ఆటోమేటిక్ పొయ్యిలకి అనువు. సరుకుని ఇంకా మెత్తగా, 3 నుంచి 6 మిల్లీమీటర్ల జల్లెడ దాటేలా కొట్టాలి, కాబట్టి కరెంటు ఖర్చు బ్రికెట్ కంటే బాగా ఎక్కువ. ఇక్కడ సరుకుని డై రంధ్రాల్లోకి నొక్కేది రోలర్లు. రోలర్‌కీ డైకీ మధ్య సందు పలచని కాగితమంత ఉండాలి. రోలర్ డైని నొక్కితే రెండూ పాడవుతాయి, సందు పెరిగితే సరుకు జారిపోయి రంధ్రాల్లోకి దిగదు.

యంత్రం ఆపే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని మర్చిపోతే మర్నాడు సగం రోజు పోతుంది. నూనె కలిపిన తవుడు లేదా రంపపు పొట్టుని చివర్లో వేసి, డై రంధ్రాలన్నిటిలో అదే నిండేలా నడిపి ఆపాలి. అలా చేయకపోతే వేడిగా ఉన్న గడ్డి రంధ్రాల్లోనే గట్టిపడి, డ్రిల్‌తో ఒక్కో రంధ్రం తవ్వాల్సి వస్తుంది.

డై నుంచి పెల్లెట్లు 70 నుంచి 90 డిగ్రీల వేడితో, మెత్తగా బయటపడతాయి. కూలర్‌లో గది ఉష్ణోగ్రతకి దగ్గరగా వచ్చేదాకా సంచుల్లో నింపకూడదు. పెద్ద గోదాములో, మూసిన సైలోలో పోసిన పెల్లెట్లు ఆక్సిజన్‌ని పీల్చుకుని కార్బన్ మోనాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు. గాలి ఆడించకుండా, మీటర్‌తో కొలవకుండా లోపలికి దిగిన మనుషులు చనిపోయిన సంఘటనలు చాలా దేశాల్లో ఉన్నాయి. ఈ ఒక్క నియమాన్ని మాత్రం ఎవరి కోసమూ సడలించవద్దు.

పొయ్యిలో గడ్డలు

వరిగడ్డి, గోధుమగడ్డి బూడిద 700 నుంచి 900 డిగ్రీల మధ్యలోనే మెత్తబడటం మొదలుపెడుతుంది. పొటాషియం సిలికాతో కలిసి గాజులా కరిగి, గ్రేట్ (సరుకు మండే ఇనుప జాలి) మీద క్లింకర్‌ అనే గడ్డగా గట్టిపడి గాలి దారులు మూసేస్తుంది. బూడిద శాతం ఒక్కటే చూస్తే ఇక్కడ తప్పుదారి పడతాం. ఊకలో బూడిద గడ్డి కంటే ఎక్కువే, అయినా అందులో పొటాషియం తక్కువ కాబట్టి అంత తేలిగ్గా కరగదు.

క్లింకర్ వస్తుంటే ముందు గ్రేట్ కింద గాలి తగ్గించి, మంట పైన ఇచ్చే రెండో గాలి పెంచండి. గ్రేట్ మీద మండే సరుకు ఉష్ణోగ్రత తగ్గుతుంది, పొగ మాత్రం పైన పూర్తిగా కాలుతుంది. తర్వాత పత్తి కట్టెలాంటి తక్కువ బూడిద సరుకు కలపండి. అప్పటికీ తగ్గకపోతే పెల్లెట్‌లో కొద్ది శాతం కయోలిన్ మట్టి కలపవచ్చు. అది పొటాషియంని పట్టుకుని కరగని రూపంలోకి మారుస్తుంది. బూడిద శాతం కొంచెం పెరిగినా సరే, పొయ్యి ఆగకుండా నడుస్తుంది.

గడ్డితో బయోగ్యాస్

గడ్డిని మామూలు పేడ ప్లాంట్‌లో వేస్తే మొదట జరిగేది అది పైకి తేలి చాపలా పేరుకోవడం. గ్యాస్ ఆ చాప కిందే చిక్కుకుపోతుంది. 10 నుంచి 20 మిల్లీమీటర్లకి తరిగి, పేడనీళ్లలో కొన్ని రోజులు నానబెట్టి, కలియబెట్టే ఏర్పాటున్న డైజెస్టర్‌లోనే (గ్యాస్ పుట్టే మూసిన తొట్టిలోనే) వేయాలి. మొత్తం ఘన పదార్థం 8 నుంచి 10 శాతం దాటనివ్వకండి.

రెండోది నైట్రోజన్. వరిగడ్డిలో కార్బన్ 40 శాతం, నైట్రోజన్ 0.6 శాతం అనుకుంటే నిష్పత్తి 67 దాకా పోతుంది. సూక్ష్మజీవులకి 20 నుంచి 30 మధ్య హాయి. ఎండిన పేడది 22 దగ్గర ఉంటుంది. కిలో గడ్డికి ఎండు లెక్కన 4 కిలోల పేడ కలిపితే మొత్తం నిష్పత్తి 25 దగ్గరికి వస్తుంది. నాలుగు కిలోల ఎండు పేడ అంటే ఇరవై కిలోలకు పైగా పచ్చి పేడ. కోళ్ల ఎరువులో నైట్రోజన్ ఎక్కువ కాబట్టి అది తక్కువలోనే సరిపోతుంది. అయితే గడ్డిలోని కార్బన్ అంతా సూక్ష్మజీవులకి అందదు, లిగ్నిన్‌లో ఇరుక్కున్నది అలాగే బయటికి పోతుంది. కాబట్టి నిష్పత్తి 30 కొంచెం దాటినా కంగారు పడాల్సిన పని లేదు.

కొత్త సరుకు మోతాదుని వారాల మీద మెల్లగా పెంచండి. ఒక్కసారిగా పెంచితే ఆమ్లాలు తయారయ్యే వేగానికి మీథేన్ చేసే జీవులు అందుకోలేవు. పీహెచ్ 6.8 కిందకి దిగడం, గ్యాస్ మండకపోవడం, పుల్లటి ఘాటు వాసన, ఇవి కనిపిస్తే మేత పూర్తిగా ఆపేసి, ఉష్ణోగ్రత 35 నుంచి 40 మధ్య నిలకడగా ఉంచి, పీహెచ్ తిరిగి 7 దగ్గరికి వచ్చేదాకా ఆగాలి. సున్నం వేస్తే అంకె తొందరగా పెరుగుతుంది గానీ జీవులు పెరగవు. బాగా నడుస్తున్న డైజెస్టర్ ద్రవం తెచ్చి కలపడం మేలు.

పొలానికి ఎంత వదలాలి

టన్ను వరిగడ్డి ఎత్తుకెళ్తే దాంతోపాటు 5 నుంచి 8 కిలోల నైట్రోజన్, 14 నుంచి 20 కిలోల పొటాష్ పొలం దాటిపోతాయి. బయోగ్యాస్ అయితే గ్యాస్ పోగా మిగిలే స్లరీ వెనక్కి వస్తుంది కాబట్టి ఈ లెక్క దాదాపు సరిపోతుంది. కాల్చే దారిలో నైట్రోజన్ పొగలో పోతుంది, పొటాష్ మాత్రం బూడిదలో మిగులుతుంది. వాలు నేలల్లో, సేంద్రియ పదార్థం తక్కువున్న నేలల్లో సగం గడ్డికి మించి తీయొద్దనే మా సలహా. బూడిదని తిరిగి చల్లాలంటే అందులో వేరే ఏ చెత్తా కాల్చి ఉండకూడదు. నేల పీహెచ్ ముందే ఎక్కువగా ఉంటే బూడిద వేయకండి, అది క్షారగుణాన్ని ఇంకా పెంచుతుంది. ఆమ్ల నేలలైతే తడిపి, దుమ్ము లేవకుండా చల్లి, విత్తనం వేయడానికి కొన్ని వారాల ముందే దున్ని కలపండి.